నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు

నోట్‌బుక్కు నడిమి పేజీల ఐదు గళ్లు కొట్టిన:
దినం, చూసేది, తినేది, అయ్యే ఖర్చు, మిగిలేది.
ఆఖరి గడి చూసి ఓదెలు నవ్విండు,
"మిగిలేది గూడ ఉంటదా?"

ఇరవై రెండేండ్లు
సిరొంచ జిల్లా పరిషత్ బడిల
మరాఠీల భూగోళం చెప్పిన.
పటం మీద కర్ర ఆనించి
"హా ఏజియన్ సముద్ర" అన్న ప్రతిసారి
నాలుక కింద ఒక తెలుగు ఉప్పురాయి కరిగేది.
ఏ సముద్రమూ చూడని టీచరునని
పిల్లలకు ఎన్నడూ చెప్పలే.

పాస్‌పోర్టుల మేము బొమ్మవార్.
ఇంట్ల బొమ్మోళ్లం.
ఆ 'వార్' ఎప్పుడు అతుక్కున్నదో
మా మామకే యాది లేకుండె.

ఎంక్వయిరీకొచ్చిన జవాను చాయ తాగుకుంట
ఏ ఊరికి పోతున్నరు బాయీ, అన్నడు.
నక్సోస్, అన్న.
గ్లాసు కింద పెట్టిండు.
ఈ జిల్లాల ఆ మొదటి అక్షరాలు
ఎవరూ గట్టిగ అనరు.
అట్లాసు తెచ్చి ఏలు పెట్టి చూపించిన:
నీళ్ల నడుమ దీవి సార్, అడివి గాదు.
నా ఏలు పక్కకు జరిపి, పేరు కూడబలుక్కొని చదివి,
"అక్కడ మీకు ఎరికైనోళ్లు ఎవరున్నరు?"
ఎవరూ లేకపోవుడే గద సార్, సెలవంటే.

ఓదెలు లెక్కలు వేరే.
బీచిల రెండు కుర్చీలు, ఒక గొడుగు
దినానికి ఇరవై యూరోలట.
అంటే పదిపదిహేను కిలోల ఎండుమిర్చి.
"ఇసుక మీద కూసున్నందుకు కిరాయా?"
అప్పుడే బయట ఇసుక లారీ పోయింది,
ఇంటి రేకులు వణికినయి.
మన కాడ ఇసుకే లారీలెక్కి మనుషుల కాడికి పోతది.
ముప్పై ఏండ్లు కరెంటు స్తంభాలెక్కినోడు
ఇమానంల కిటికీ సీటు మాత్రం వద్దంటడు.

పైసలెక్కడియి అంటే
కొన్ని నా భిశీయి.
కొన్ని చేనుయి.
బ్యారేజీ ఎనుక నిలిచిన నీళ్లు
మూడు వానకాలాలు
మా ఎకరన్నర మిర్చిని పండవెట్టుకున్నయి.
నాలుగో ఏడు పరిహారం పడ్డది.
అప్పులు కట్టంగ మిగిలినదాని దిక్కు
ఓదెలు ఇన్నాళ్లు కన్నెత్తి చూడలే.
నీళ్లిచ్చిన పైసలు నీళ్లకే పోనీ
అన్నది నేనే.
అన్నాంక ఆ రాత్రి నిద్ర రాలే.

మొదటి దినం, రేవు. పడవ దిగుడు, అంతే.
రెండో దినం, సముద్రం. మోకాళ్ల దాక.
పుష్కరాలకు ప్రాణహితల మునిగిన చీరె చాలు,
అక్కడ నన్నెవరు చూస్తరు.
మూడో దినం, గుట్ట మీది పాత ఊరు,
తెల్ల సున్నం సందులు,
ఓదెలు మోకాలు నొస్తే అక్కడక్కడ కూసునుడు.
నాలుగో దినం, పొద్దు గూకే యాళ్లకు, దర్వాజ.

ఫోన్ల ఫొటో చూపించిన.
గుడి కడదామని మొదలువెట్టి ఆపేసిన్రట.
దర్వాజ ఒక్కటే నిలవడ్డది. పాలరాయి.
రెండున్నర వేల ఏండ్లు.
లోపల లేదు, బయట లేదు,
మూడు దిక్కుల సముద్రం.

ఓదెలు ఫోను గుంజుకొని
వేళ్లతోని పెద్దగ జేసి చూసిండు, చాలసేపు.
"మన మోటరు కొట్టం గిట్లనే ఉండె," అన్నడు.
నీళ్లు తీసినాంక నాకు చెప్పకుంట పొయ్యి చూసిండట.
మట్టి గోడలు కరిగిపోయినయట.
ఆలాపల్లి టేకు దర్వాజ ఒక్కటే
బురదల నిటారుగ.
"తాళం గూడ ఏసే ఉండె."

ఇన్నేండ్ల మీద ఇప్పుడు చెప్తున్నడు.
ఎత్తెంత అన్నడు, ఫొటోలదాన్ని.
ఆరు మీటర్లట.
"మనది ఆరడుగులు."

ఐదో దినం తిరుగు పడవ పదింటికి.
బడి జూన్ ఆఖర్ల తెరుస్తరు.
చింతపండు పులిహోర ఎన్ని దినాలు నిలుస్తదో
పక్కింటి గంగుబాయిని అడగాలె.
పెన్సిలు చెక్కుకుంట కూసున్న,
మిగిలేది అన్న గడిల ఏం రాయబుద్ధి గాలే.

లైటు ఆర్పబోతుంటే
గోడ దిక్కు తిరిగి పండుకున్న మనిషి
"కిటికీ కాడి సీటు నాకు రాయి" అన్నడు.